కర్త లేని వాక్యం

రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న విద్యార్థికి తన వూరి రాజకీయం అర్థం కాకపోతే మనం ఆశ్చర్యపడం. ఆశ్చర్యపడడం మానేసి చాలా కాలమయింది. డిగ్రీ తరగతులకు భారత ప్రభుత్వం, రాజకీయాలు అనే పాఠ్యాంశాన్ని ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి గనుక ఆ నేరంలో నాకూ పాలు వుంది. యీ వ్యాసంలో నేను విమర్శించబోయేది ఏ వొక్క గ్రంథకర్తనో కాదు, వొక రచనా పద్ధతిని. పాఠ్యపుస్తకం కూడా రచనే. కథనూ కావ్యాన్నీ వర్గదృష్టితో పరీక్షించే మనం, ఏటా వేలాది యువతీయువకుల చేత కంఠస్థం చేయిస్తున్న యీ వచనాన్ని మాత్రం విమర్శకు తగనిదిగా వదిలేశాం.

వొకనాడు 17వ అధికరణం చెబుతూ నల్లబల్ల మీద "అంటరానితనము రద్దు చేయబడినది" అని రాశాను. వెనక బెంచీలోంచి వొక కుర్రవాడు లేచి, "ఎవరు రద్దు చేశారండీ?" అని అడిగాడు. "రాజ్యాంగం" అన్నాను. "మా వూళ్లో ఎవరు చేస్తారండీ?" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వి, 1955 నాటి చట్టం పేరు, 1989 నాటి చట్టం పేరు చెప్పి, పరీక్షకు రెండూ ముఖ్యమేనని గుర్తుచేసి తరువాతి అధికరణానికి వెళ్లిపోయాను. ఆ కుర్రవాడు మళ్లీ ప్రశ్న అడగలేదు. అతను అడిగింది రాజనీతి ప్రశ్నే కాదు, వ్యాకరణ ప్రశ్న కూడా అని నాకు చాలా రోజులకు గాని తట్టలేదు. నా వాక్యంలో కర్త లేడు.

1

మన పాఠ్యపుస్తకాల్లో ఏ పుట తిప్పినా ఇలాంటి వాక్యాలే కనిపిస్తాయి. పౌరులకు హక్కులు ప్రసాదించబడినవి. వయోజన వోటుహక్కు ప్రవేశపెట్టబడినది. హక్కులపై పరిమితులు విధించబడినవి. రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరించబడినవి. తెలుగువాళ్లు ఇలా మాట్లాడరు. "మా చేత అన్నం తినబడింది" అని ఏ ఇంట్లోనూ అనరు. వ్యావహారిక భాషోద్యమం నడిచి నూరేళ్లు దాటినా యీ "బడు" మన తరగతి గదుల్లోంచి కదలలేదు. ఇంగ్లీషు చట్టాల భాషను మక్కికి మక్కిగా దించుకున్నందువల్ల వచ్చిన దోషమని భాషావేత్తలు సరిపెట్టుకోవచ్చు. మనం అంతటితో ఆగడానికి వీలులేదు. కర్తను తీసివేస్తే వాక్యంలో ఫలితం మాత్రమే మిగులుతుంది. అడిగినవాడూ, ఇవ్వనన్నవాడూ, విధిలేక ఇచ్చినవాడూ ముగ్గురూ మాయమవుతారు. హక్కు దైవదత్తంగానో ప్రభుదత్తంగానో కనిపిస్తుంది. "ప్రసాదించబడినవి" అన్న మాటలోని ప్రసాదం ఊరికే వచ్చింది కాదు.

వోటు హక్కునే తీసుకోండి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తో, పన్నో, చదువో వున్నవాళ్లకే వోటు. ఆ పరిమితమైన వోటుతో ఎన్నికైన రాష్ట్ర శాసనసభలవారు 1946లో రాజ్యాంగ సభకు ప్రతినిధులను పంపారు. సంస్థానాల ప్రతినిధులు తరువాత వచ్చి చేరారు. కాగా అలాంటి సభ దేశంలోని ప్రతి వయోజనుడికీ, ప్రతి స్త్రీకీ వోటు రాసిపెట్టింది. ఎందువల్ల? ఏలినవారికి దయ పుట్టినందువల్లనా? 1928 నాటి నెహ్రూ నివేదికలో వయోజన వోటు వుంది. 1931 కరాచీ తీర్మానంలో వుంది. ఆ తీర్మానాల వెనుక వీధుల్లోకి వచ్చిన లక్షలాది ప్రజలున్నారు. వాళ్లను ఉద్యమంలోకి పిలిచి, తీరా స్వరాజ్యం వచ్చాక వోటు లేదనడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ వోటు తొలిసారి చేతికి వచ్చినప్పుడు తెలంగాణా రైతు దాన్ని ఎలా వాడుకున్నాడో కూడా చరిత్రలో వుంది. 1952లో నల్గొండ నుంచి పి.డి.ఎఫ్. అభ్యర్థి రావి నారాయణరెడ్డి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ వోట్లతో లోక్‌సభకు వెళ్లాడు. "ప్రవేశపెట్టబడినది" అన్న వొక్క మాట కింద ఇంత కథ పూడిపోయింది.

2

రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి పదిహేడు నెలలను వొక్కసారి కర్తలతో సహా చదివి చూద్దాం. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే వున్నాయి గనుక యీ కథ మనకు దూరమైనదేమీ కాదు.

1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. ఫిబ్రవరిలోనే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. మద్రాసు జైలులో వున్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ తన నిర్బంధం 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. చట్టసభ చేసిన చట్టం ప్రకారం నిర్బంధిస్తే చాలు, ఆ చట్టం నిర్ణయించిన పద్ధతి న్యాయమైనదా కాదా అని చూసే పని మాది కాదన్నారు అధిక సంఖ్యాక న్యాయమూర్తులు. సయ్యద్ ఫజల్ అలీ వొక్కడు కాదని భిన్నమైన తీర్పు రాశాడు. ఆ వొంటరి గొంతు చెప్పిన దానికి దగ్గరగా సుప్రీంకోర్టు వచ్చింది 1978లో, మేనకా గాంధీ కేసులో. మధ్యన 28 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యనే 1976లో, అత్యవసర పరిస్థితిలో, అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే దారి కూడా పౌరుడికి లేదని అదే న్యాయస్థానం అన్నది. ఇదంతా మన పుస్తకంలో "21వ అధికరణము ద్వారా వ్యక్తి స్వేచ్ఛ కల్పించబడినది" అన్న వొక్క పంక్తి.

ఆ 1950లోనే మద్రాసు ప్రభుత్వం రమేశ్ థాపర్ నడుపుతున్న వామపక్ష పత్రిక "క్రాస్ రోడ్స్"ను తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. రాజ్యభద్రతకు ముప్పు వాటిల్లినప్పుడు తప్ప, శాంతిభద్రతల పేరుతో వాక్‌స్వాతంత్ర్యాన్ని అణచడానికి రాజ్యాంగంలో తావు లేదన్నది. మరుసటి ఏడు మార్చిలో, దర్భంగా జమీందారు వేసిన కేసులో పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణల చట్టాన్ని కొట్టివేసింది. ఏప్రిల్‌లో, చంపకం దొరైరాజన్ కేసులో, వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను కులాలవారీగా పంచిన మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టివేసింది. హక్కుల అధ్యాయాన్ని చేతపట్టుకుని న్యాయస్థానం గుమ్మమెక్కినవారిలో జైలులోని కమ్యూనిస్టూ వున్నాడు, జమీందారూ వున్నాడు.

1951 జూన్‌లో వచ్చిన మొదటి సవరణ యీ తీర్పులన్నిటికీ ప్రభుత్వమిచ్చిన జవాబు. ఆ సవరణ జమీందారీ రద్దు చట్టాలకు కోర్టుల నుంచి రక్షణగా తొమ్మిదో షెడ్యూలును కట్టింది. వెనుకబడిన వర్గాల కోసం 15(4)ను చేర్చింది. అదే సవరణ, అదే కలంతో, శాంతిభద్రతల పేరుతో వాక్‌స్వాతంత్ర్యాన్ని కుదించే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. రైతుకు భూమి దారి తెరిచిన చెయ్యీ, రైతు పక్షాన రాసే పత్రిక నోరు నొక్కిన చెయ్యీ వొక్కటే. అంతేకాదు, యీ పని చేసిన పార్లమెంటు ఇంకా వయోజన వోటుతో ఎన్నికైన పార్లమెంటు కాదు, తాత్కాలిక పార్లమెంటు.

యీ వైరుధ్యాన్ని అర్థం చేసుకున్న విద్యార్థికి రాజ్యాంగం అంటే ఏమిటో సగం తెలిసినట్టే. పుస్తకం అతనికి ఇస్తున్నదేమిటి? "మొదటి సవరణ (1951): తొమ్మిదవ షెడ్యూలు చేర్చబడినది." పరీక్షలో దీనికి వొక మార్కు.

3

హక్కుల అధ్యాయంలో కర్త లోపించాడు. ప్రభుత్వ యంత్రాంగపు అధ్యాయాల్లో ఇందుకు తలకిందులైన తమాషా జరుగుతుంది. అక్కడ కర్తలు కోకొల్లలు. రాష్ట్రపతి నియమిస్తాడు, గవర్నర్ సమావేశపరుస్తాడు, స్పీకర్ నిర్వహిస్తాడు. కాని వీళ్లు మనుషులు కారు, పదవులు. "రాష్ట్రపతి అధికారములను, విధులను వివరింపుము" అన్న ప్రశ్నకు కార్యనిర్వాహక, శాసన, న్యాయ, ఆర్థిక, అత్యవసర అని అయిదు శీర్షికల కింద జాబితా రాసిన విద్యార్థికి నిండా మార్కులు పడతాయి. ఆ అధికారాన్ని ఎవరి మీద, ఎవరి కోసం వాడారని అడిగేవారు లేరు.

356వ అధికరణానికి జీవితం వుంది. 1957లో ప్రజలు ఎన్నుకున్న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గానికి శాసనసభలో ఆధిక్యత వుండగానే 1959 జూలై 31న కేంద్రం దాన్ని బర్తరఫ్ చేసింది. ఆ మంత్రివర్గం చేసిన తప్పు విద్యాచట్టం తేవడం, భూసంబంధాలను కదిలించబోవడం. "రాజ్యాంగ యంత్రాంగము విఫలమైనప్పుడు" అన్న మాటకు ఆనాటి కేరళలో అర్థం అది. గవర్నర్ విచక్షణ అంటే ఏమిటో తెలుగు విద్యార్థికి చెప్పడానికి కేరళ దాకా పోనక్కరలేదు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ తొలగించాడు. శాసనసభ్యులు కట్టుగా నిలబడి, జనం వీధుల్లోకి వచ్చి, నెల తిరిగేసరికి ఆయన్ను మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టారు. బలాబలాలు తేలవలసింది రాజభవనంలో కాదు, శాసనసభలో అని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది 1994లో. అంటే ఆంధ్రదేశపు జనం ఆ పాఠాన్ని పదేళ్లు ముందుగానే చెప్పి వున్నారు.

రాజకీయ పార్టీల అధ్యాయం మరీ విచిత్రం. పార్టీలు ప్రజాభిప్రాయాన్ని కూడగడతాయి, ప్రజలకు రాజకీయ విద్య నేర్పుతాయి అని విధుల పట్టిక వుంటుంది. డబ్బు మాట వుండదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకం ఏమిటి? విరాళం ఇచ్చినవాడి పేరు ప్రజలకు తెలియకుండా పార్టీకి డబ్బు చేర్చే ఏర్పాటు. మన పాఠ్యపుస్తకపు వ్యాకరణమే అక్కడ చట్టమయింది: విరాళం ఇవ్వబడింది, ఎవరిచ్చారో తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసి పేర్లు బయటపెట్టమన్నది. కర్తను చెప్పమని అడగడం ఎంత పెద్ద రాజకీయ కార్యమో ఆ వొక్క తీర్పు చాలు చూపడానికి.

4

ఇంతవరకు చెప్పింది అవతలివాళ్ల తప్పు. ఇప్పుడు మన తప్పు చెప్పుకోవాలి.

వుద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేను ప్రతి అధ్యాయం చివరా వొక మాట చేర్చేవాణ్ణి: "ఇది బూర్జువా రాజ్యాంగం, పాలకవర్గాల పనిముట్టు." విద్యార్థులు ఆ మాటను జవాబుపత్రం చివర మంగళహారతిలా పాడేవారు. పై నాలుగు పుటల్లో "బడు" వాక్యాలు, కింద యీ హారతి. రెండింటికీ ఏ తగాదా లేదు. వుండదు కూడా, ఎందుకంటే రెండూ వొకే లోపంతో పుట్టినవి. పాఠ్యపుస్తకంలో కర్త లేడు. నా సూత్రంలో కర్త వొక్కడే, అన్ని వాక్యాలకూ అతనే: పాలకవర్గం. ప్రజలు అందులోనూ లేరు. వుంటే మోసపోయినవాళ్లుగా మాత్రమే వున్నారు.

రాజ్యం వర్గాతీతం కాదన్నది నిజం. ఆ నిజాన్ని వదులుకోమని నేను అనడం లేదు. కాని ఆ నిజం చదువు ప్రారంభించడానికి పనికిరావాలి గాని, చదువు మానెయ్యడానికి కాదు. 1847 నాటి పది గంటల పనిదినపు చట్టం ఇంగ్లండులో పాలకవర్గాల పార్లమెంటే చేసింది. అయినా 1864లో అంతర్జాతీయ కార్మిక సంఘపు ప్రారంభోపన్యాసంలో మార్క్సు దాన్ని కార్మికవర్గపు విజయంగా లెక్కగట్టాడు. చట్టం చేసిన చెయ్యి ఎవరిదన్నదొక్కటే కాదు, ఆ చేతిని వంచినదెవరన్నది కూడా ఆయన చూశాడు.

మన దేశంలోనే చూద్దాం. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతున్న రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో 1/70 అని పేరుపడిన భూబదలాయింపు నిబంధన తెచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. విశాఖ ఏజెన్సీలో ప్రైవేటు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, 1997లో సుప్రీంకోర్టు యీ నిబంధననూ అయిదో షెడ్యూలునూ ఆధారం చేసుకుని, ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడే, ప్రభుత్వం కూడా ఆ భూమిని వాడికి లీజుకివ్వడానికి వీల్లేదన్నది. యీ చట్టాన్ని తెచ్చిన ప్రభుత్వమే పోరాటాన్ని తుపాకులతో అణచింది, నిజమే. కాని ఆ పోరాటపు ముద్ర చట్టంలో పడింది. "బూర్జువా పత్రం" అని పక్కకు నెట్టేస్తే గిరిజనుడి చేతిలోని ఆ కాగితాన్ని మనమే లాక్కున్నట్టవుతుంది.

రాజ్యాంగం వరమూ కాదు, వట్టి బూటకమూ కాదు. పోరాడుతున్న శక్తుల మధ్య కుదిరిన రాజీ అది, ఆ రాజీ కూడా స్థిరమైనది కాదు. 1947లోనే అంబేద్కర్ వ్యవసాయమూ కీలక పరిశ్రమలూ రాజ్యం యాజమాన్యంలో వుండాలనీ, దాన్ని రాజ్యాంగంలోనే రాయాలనీ ప్రతిపాదించాడు. అది సాగలేదు. ఆర్థిక న్యాయపు ఆశయాలు ఆదేశిక సూత్రాల్లోకి, న్యాయస్థానాలు అమలు చెయ్యలేని చోటుకి చేరాయి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయంగా సమానత్వం, సాంఘికంగా ఆర్థికంగా అసమానత్వం అనే వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతున్నదని ఆయనే హెచ్చరించాడు. ఆస్తిహక్కును 1978 నాటి 44వ సవరణ ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. 2024 నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి అంతా 39వ అధికరణం చెప్పే సమాజ వనరుల కిందికి రాదన్నది. తాడు వొకసారి ఇటూ, వొకసారి అటూ లాగబడుతోంది అని రాయబోయి ఆగాను. లాగుతున్నవాళ్లున్నారు. వాళ్లెవరో చెప్పడమే మన శాస్త్రం.

5

కర్తలున్న పాఠ్యపుస్తకం సాధ్యమేనా? సాధ్యమేనని మన తెలుగునేల మీదే రుజువయింది. అది కళాశాల పుస్తకం కాదు, అక్షరాలు దిద్దుకునే పెద్దవాళ్ల వాచకం.

1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో నడిచిన అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో, సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లు ఏకమైన వొక పాఠం వుంది. దాన్ని కూడబలుక్కుని చదివిన దూబగుంట స్త్రీలు 1992లో తమ వూళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలిపోయింది. మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం 1950 నుంచీ చెబుతూనే వుంది. మన విద్యార్థులు దాన్ని "పేర్కొనబడినది" అని రాసి మార్కులు తెచ్చుకుంటూనే వున్నారు. నలభై ఏళ్లు కర్త లేకుండా పడివున్న ఆ వాక్యానికి కర్తలైనవారు అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న కూలి స్త్రీలు.

యీ కథకు మరో అంకం వుంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 12వ తరగతి రాజనీతి పుస్తకంలో ప్రజా ఉద్యమాల మీద వొక అధ్యాయం వుండేది. చిప్కో, దళిత్ పాంథర్స్, నర్మద ఉద్యమాలతో పాటు మన సారా వ్యతిరేకోద్యమం కూడా అందులో చోటు చేసుకుంది. విద్యార్థుల మీద భారం తగ్గించే పేరుతో 2022లో ఆ అధ్యాయాన్ని తీసివేశారు. రాష్ట్రపతి అధికారాల భారం మాత్రం తగ్గలేదు. కర్తను చెరిపేసే వ్యాకరణం ఎవరికి అవసరమో ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదు.

ఇక మన పని ఏమిటి? సిలబస్ మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. ప్రతి అధికరణం ముందూ విద్యార్థి చేత నాలుగు ప్రశ్నలు వేయించవచ్చు. దీన్ని ఎవరడిగారు? ఎవరు అడ్డుపడ్డారు? ఎవరి చేతిమీదుగా వచ్చింది? ఇవాళ దీన్ని ఎవరు వాడుకోగలుగుతున్నారు, ఎవరు వాడుకోలేకపోతున్నారు? గైడు బదులు రాజ్యాంగ సభ చర్చల్లోంచి పది పుటలు, వొక తీర్పులోంచి అయిదు పుటలు తెలుగు చేసి తరగతిలో చదివించవచ్చు. గ్రామసభకు, మండల కార్యాలయానికి వెళ్లి అక్కడ జరిగింది కర్తలతో సహా రాసుకురమ్మనవచ్చు. "బడు" వున్న ప్రతి వాక్యాన్నీ తిరగరాయడం మంచి అభ్యాసం. తిరగరాయబోతే కర్త ఎవరో తెలియాలి, తెలియాలంటే చరిత్ర చదవాలి. పరీక్షకు పనికిరాదు గదా అని కొందరు మిత్రులు అంటారు. పరీక్షకు కావలసింది నెల రోజుల్లో వస్తుంది. తక్కిన కాలం మన చేతిలో వున్నదే.

ఆ కుర్రవాడికి ఆనాడు నేను చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతాను. నేను పేరు మాత్రమే చెప్పి దాటేసిన 1989 నాటి చట్టం దానంతటది రాలేదు. 1985లో కారంచేడులో దళితుల్ని చంపారు. బతికినవాళ్లు చీరాలకు చేరి శిబిరం వేసుకుని నిలబడ్డారు. వాళ్లతో కలిసి లేచిన ఉద్యమం ఆ చట్టం వెనుక వున్న వొత్తిళ్లలో వొకటి. చట్టం వచ్చాక కూడా 1991లో చుండూరు జరిగింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టివేసి నిందితుల్ని విడిచిపెట్టింది. కనుక, బాబూ, అంటరానితనం "రద్దు చేయబడినది" అని నేను నల్లబల్ల మీద రాసిన వాక్యం తప్పు. రద్దు చెయ్యడానికి కొందరు పోరాడారు, పోరాడుతున్నారు. అడ్డుపడినవాళ్లూ అడ్డుపడుతూనే వున్నారు. మీ వూళ్లో ఎవరు చేస్తారని నువ్వడిగిన ప్రశ్న సిలబస్‌కు బయటిది కాదు, అక్కడినుంచే మన పాఠం మొదలుకావలసి వుంది.